తమోదుర్గంలో కడుపుతో ఉన్న పూలు

మళ్ళీ కాయ లేదు.

కాచన గూటి ముందు గొంతుక్కూర్చుని కుండీని చుట్టూ తిప్పి చూశాడు. పిల్లి చెవుల్లాంటి నూగు ఆకులు ఆరోగ్యంగా ఉన్నాయి. ఊదా పూలు విచ్చినవి విచ్చినట్టే ఉన్నాయి. తాను పిట్ట ఈకతో పుప్పొడి అద్ది, గుర్తుకు ఎర్రదారం కట్టిన కాడ మాత్రం నడిమికి తెగి ఉంది. దారం నేలమీద పడి ఉంది. పువ్వు లేదు, కాయ లేదు, ఇక గింజ ఊసే లేదు.

"ఉందా?" అని వెనకనుంచి అడిగింది అతని కూతురు మాచమ.

"లేదు."

"అయితే తిట్టుకో నాయనా. నువ్వు నోరు మూసుకుని కూచుంటే నాకు భయమేస్తుంది."

కాచన తిట్టుకున్నాడు. కుండీని తిట్టాడు, ఈకను తిట్టాడు, ఆ కొండను తొలిచినవాడి ఏడు తరాలను తిట్టాడు. పెళ్ళాం పోయిన నాటినుంచి అతని నోటికి అడ్డు చెప్పేవాళ్ళు లేరు. ఊపిరి అయిపోయాక ఆగాడు.

"ఇప్పుడు బాగుంది," అంది మాచమ. చేతిలో దీపంతో ఆమె ఉన్నచోటునుంచి కదల్లేదు. కదిలే వీలు లేదు. మోకాళ్ళ దాకా ఆమె రాయి.

తమోదుర్గం నల్లకొండ కడుపులో తొలిచిన కోట. సూర్యుడు పుట్టిన నాటినుంచి దాని గడప తొక్కి ఎరగడు. లోపల నాగపడగల తోరణాలు, అడుగు వేస్తే మనిషి నీడను అద్దంలా తిరిగిచ్చే నల్లరాతి నేల, చుక్కల్ని తాపడం చేసినట్టు మెరిసే పైకప్పులు, ఏనుగు వెళ్ళినా తల తగలని వాకిళ్ళు ఉన్నాయి. ఇంత వైభవానికీ వెలుగు ఒక్కటే, దీపకన్యలు. స్తంభానికొక కన్య చేతిలో దీపంతో నిలబడి ఉంటుంది. చక్కని శిల్పం అనుకుని దగ్గరికి వెళ్ళినవాడికి కొందరి కళ్ళల్లో తడి కనిపిస్తుంది. ఆ కోట ఏలిక తమిస్ర చుట్టుపక్కల పల్లెల్లో పిల్లల్ని పట్టి తెచ్చి, చేతిలో దీపం పెట్టి మంత్రం చదువుతుంది. రాయి పాదాల దగ్గర మొదలై పైకి పాకుతుంది. అది నడినెత్తిని చేరిన నాడు ఆ దీపానికిక చమురు పోయడమే గాని, పట్టుకున్నవాళ్ళకు అన్నం పెట్టే పని ఉండదు.

ఎండ పొడ గిట్టని ఆ మాంత్రికురాలికి పూలంటే ప్రాణం. పైనుంచి తెప్పించిన ప్రతి మొక్కా ఆ చీకట్లో తల వాల్చేసింది. చివరికి ఎవడో గువ్వలపాడు కాచన పేరు చెప్పాడు. ఆ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ దీపం గూట్లో ఒక చిన్న మొక్కను పెంచుతారు. గూటిపువ్వు అంటారు. దానికి ఎండ అక్కర్లేదు. దీపం వెలుగు చాలు, పూస్తుంది. కాచన దగ్గర తెల్లనిది ఒకటి, ఊదాది ఒకటి ఉన్నాయి. తమిస్రకు రెండూ నచ్చాయి. నచ్చి ఊరుకుంటే ఆమె తమిస్ర ఎందుకవుతుంది?

"ఊదా రేకకు తెల్లని అంచు కావాలి. జరీ అంచులాగా," అంది ఆమె. "అలాంటిది పూయించు. పూసిన నాడు నీ కూతురి కాళ్ళు నీకిస్తాను. రాయి ఆమె గొంతు దాటేలోగా పూయకపోతే, నాకు దీపం, నీకు దారి."

దీపం ఆరని చోట మొక్కకు నిద్ర ఉండదు. పైన ఏడాది పట్టే ఎదుగుదల అక్కడ పక్షంలో అయిపోతుంది. అందుకే కాచన ఒప్పుకున్నాడు. తెల్లదాని పుప్పొడి ఊదాదానికి అద్దాలి. పువ్వు వాడి, కాడ మీద కాయ కట్టాలి. కాయ ఎండితే గింజ, గింజ మొలిస్తే నారు, నారు పూస్తే అదృష్టం. ఇందులో అదృష్టం దాకా రావడం అటుంచి, కాయ దాకా కూడా రావడం లేదు. పువ్వు వాడుతుంది. మర్నాటికి మాయమవుతుంది.

"పోయిందా?"

చమురు కావడి దించుతూ అడిగినవాడు అరిందముడు. మొహానికి మసి, నడుముకు గోచీ, తలకు చిరుగు గుడ్డ. ఆ మసి కడిగితే లోపల వైజయంత రాజ్యపు యువరాజు ఉన్నాడు. తన రాజ్యపు పిల్లల్ని దీపాలుగా నిలబెట్టిన తమిస్ర తల నరకడానికి చమురు మోసేవాడి వేషంలో వచ్చాడు. కావడి బద్ద వెదురుది. దాని బోలులో ఖడ్గం ఉంది.

"పోయింది," అన్నాడు కాచన.

"శత్రువు పని."

"శత్రువైతే కుండీ పగలగొడతాడు దొరా. దారం కట్టిన కాడను కత్తిరించి, పక్క పూల మీద నీళ్ళు చిలకరించి పోయే శత్రువు ఎక్కడుంటాడు?"

అరిందముడు ఆలోచించాడు. "కపట శత్రువు."

కాచన నుదురు రుద్దుకున్నాడు. ఈ మహావీరుడికి ఒకసారి ఈక చేతికిచ్చిన పాపానికి ఊదా పుప్పొడి తీసుకెళ్ళి మరో ఊదా పువ్వుకే అద్దాడు. అదేమంటే, పువ్వు పువ్వేగా అన్నాడు.

"ఈసారి కాపలా కాద్దాం," అన్నాడు అరిందముడు. "దొంగ చిక్కితే నాకు వదిలెయ్."

"చిక్కితే మాట్లాడదాం. నరకొద్దు."

"చూద్దాం."

"చూడటం కాదు. నరకొద్దు."

కాచన మళ్ళీ తెల్లపువ్వు దగ్గరికి వెళ్ళాడు. ముల్లుతో ఊదాపువ్వు సొంత పుప్పొడి తిత్తుల్ని గిల్లేశాడు. ఈకతో తెల్లదాని పొడి తెచ్చి ఊదాదాని నడిమి నాలుక మీద అద్దాడు. దారం కట్టాడు. రోజులు గడిచి ఆ పువ్వు వాడి, రేకలు ముడుచుకున్నాక ఇద్దరూ స్తంభం చాటున నక్కారు.

చాలాసేపటికి గోడమీద ఒక నీడ పాకింది. వంగిన నడుము, చేతిలో మెరిసే చిన్న కత్తెర. నీడ గూటి దగ్గర ఆగింది. కత్తెర తెరుచుకుంది.

"నరకొ..." అనబోయాడు కాచన.

అప్పటికే అరిందముడు గాలిలో ఉన్నాడు. ఖడ్గం కావడి బద్దలోంచి దూసిన చప్పుడు నాగతోరణాలన్నిటికీ తాకి, వంద ఖడ్గాలు దూసినట్టు మార్మోగింది. నీడ కింద పడింది. దానిమీద యువరాజు పడ్డాడు. ఆ వెంటనే కోట నాలుగు మూలలా గుడ్లగూబ కూతలు లేచాయి. గూబమొగం భటులు. మనిషి ఒళ్ళు, గూబ తల, చీమ నడిచినా వినే చెవులు.

కాచన తిట్టుకునే తీరిక కూడా లేక యువరాజు జుట్టు పట్టి లేపి, ఖడ్గంతో సహా పక్కనున్న చమురు కాగులో తోశాడు. తల బయటికి వస్తే అరచేత్తో నొక్కాడు. మూత పెట్టాడు. మూత మీద కూచున్నాడు. భటులు రివ్వున వచ్చి దిగారు. పసుపు కళ్ళు గిరగిర తిరిగాయి. ఒక గోరు కాచన గడ్డం కింద ఆనింది.

"ఏం చప్పుడది?"

నేలమీద పడిన నీడ మూలుగుతూ లేచి కూచుంది. తల ముగ్గుబుట్టయిన ముసలిది. చేతిలో కత్తెర ఇంకా ఉంది.

"నా కత్తెర జారిందయ్యా," అంది ముసలిది. "ముసలి ముండని, చెయ్యి వణికింది. పడితే లేపేదానికి ఒక్కడూ రాడు గాని, చప్పుడైతే ఇంతమంది వస్తారు. వచ్చారుగా, ఆ నడుము కాస్త పట్టండి."

భటులు మొహాలు చూసుకున్నారు. నడుము పట్టే పని తమది కాదన్నట్టు రెక్కలు విదిల్చి వెళ్ళిపోయారు. కాచన మూత మీదనుంచి లేచాడు. కాగులోంచి నల్లగా నిగనిగలాడుతూ యువరాజు లేచాడు.

"ఈ కావడి పిల్లోడికి కత్తెందుకు?" అంది ముసలిది.

"ఉల్లిపాయలు కోసుకోవడానికి," అన్నాడు కాచన. "నువ్వెవరవ్వా? నా పూలతో నీకేం పగ?"

"పగేంది నాయనా. నా పేరు కుందవ్వ. కోటలో వాడిన పూలు ఏరేది నేనే. ఇరవయ్యేళ్ళ పిల్లప్పుడు తెచ్చారు. అప్పటినుంచి ఇదే పని. నువ్వు పాపం కష్టపడి పెంచుతున్నావు, ఎండిన పువ్వు ఒకటి వేలాడుతుంటే దొరసాని చూస్తే నీకు మాటొస్తదని, నీ గూట్లో అయితే రోజూ ముందే వచ్చి తెంపుతున్నా."

కాచన గోడకు ఆనుకున్నాడు. ఇన్నాళ్ళ పాట్లు, ఇన్ని దారాలు, కూతురి పాదాలనుంచి మోకాళ్ళ దాకా పాకిన రాయి. ఇదంతా ఒక ముసలిదాని మేలుకోరే బుద్ధికి బలి.

"వాడిన పువ్వు చూస్తే ఆమెకేం?" అన్నాడు అరిందముడు మొహం మీద చమురు తుడుచుకుంటూ.

కుందవ్వ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "వాడిన పువ్వేదీ కంట పడనంత కాలం తానూ వాడనని ఆమెకు వరం. అందుకే చూడు, నేను పిల్లగా వచ్చినప్పుడు ఎట్లా ఉందో ఇప్పుడూ అట్లాగే ఉంది. కంట పడితే మటుకు ఆమె వయసు ఆమెకు తిరిగొస్తది. ఎన్ని వందలేళ్ళదో ఎవరికి తెలుసు?"

యువరాజు కళ్ళు దీపాల్లా వెలిగాయి. "అయితే ఒక్క ఎండు పువ్వు చాలు. ఇప్పుడే వెళ్ళి ఆమె మొహాన..."

"కూచో," అన్నాడు కాచన.

"ఏమిటీ?"

"కూచోండి దొరా. మంత్రం వేసింది ఆమె. విప్పాల్సింది ఆమె. ఆమె మంచాన పడితే నా కూతురిని ఎవరు విప్పుతారు, మీరా? ముందు పువ్వు పూస్తుంది. మాచమ కాళ్ళు వస్తాయి. తరవాత మీరూ ఆమే ఒకరి మొహాన ఒకరు ఏం కొట్టుకుంటారో కొట్టుకోండి."

"నాయన చెప్పింది వినండి," అంది మాచమ దీపం దగ్గరనుంచి. "కాళ్ళున్నవాళ్ళకి తొందర ఉంటే ఉండనీండి గాని, నాకు లేదు."

అరిందముడు కూచున్నాడు. చమురు మడుగులో కూచున్నాడు.

కాచన కుందవ్వ వైపు తిరిగాడు. ఈమెకు ఎలా చెప్పాలి? పువ్వు అంటే పూయడం, వాడటం, ఏరి పారేయడం అని మాత్రమే తెలిసిన మనిషి. ఈ కోటలో ఏ మొక్కా కాయ కాసి ఎరగదు. కాయ కాసేదాకా దేన్నీ ఈమె బతకనివ్వలేదు.

"అవ్వా, నువ్వు తెంపింది చచ్చిన పువ్వు కాదు," అన్నాడు. "కడుపుతో ఉన్న పువ్వు. రేకలు వాడేది అందుకే. ఆ కాడ కొసన ఉబ్బుతుంది చూశావా, అందులో పిల్లలుంటాయి."

కుందవ్వ చేతిలోని కత్తెర వంక చూసింది.  తరవాత దాన్ని గూట్లో పెట్టేసింది.

"నాకెవరూ చెప్పలేదు నాయనా," అంది.

ఆ మాటతో ఆమె ముసలి మొహం మారిపోయింది. కాచన దాన్ని పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే తరవాత జరిగింది జరిగేది కాదు.

ఈసారి కాయ కట్టింది. దొరసాని పరిచారికల కంట పడకుండా కుందవ్వే దానిమీద మట్టి మూకుడు బోర్లించి కాపాడింది. కాయ ఎండి పగిలింది. గింజలు నశ్యంకంటే సన్నం. "ఇవి గింజలా?" అని అరిందముడు దగ్గరగా మొహం పెట్టి ఊదాడు. సగం గింజలు తమోదుర్గపు గాలిలో కలిసిపోయాయి. కాచన ఆయన్ని పక్కకు నెట్టాడు. మిగిలినవి తడి బూడిద కలిపిన మన్ను మీద చల్లాడు. మొలకలు వచ్చాయి. ఆకులు వేశాయి. మొగ్గ తొడిగాయి. ముగ్గురూ, కూతురు మెడ సాచినంత సాచి నలుగురూ, ఊపిరి బిగబట్టి చూస్తుండగా మొదటిది విచ్చింది.

ఊదా. పక్కది, ఊదా. ఆ పక్కది కూడా ఊదా. పళ్ళెం నిండా ఊదా పూలు, ఒకదాని మొహం ఒకటి అచ్చుగుద్దినట్టు.

"తెల్లది ఏమైంది?" అన్నాడు అరిందముడు.

"లోపలుంది."

"లోపల ఎక్కడ?"

"దొరా, మీ ముక్కు ఎవరి పోలిక?"

"మా తాతగారిది అంటారు."

"మీ నాన్నగారికి ఆ ముక్కు ఉందా?"

"లేదు."

"ఆయనలో దాక్కుని మీ దగ్గరికి వచ్చింది. ఇదీ అంతే. ఈ ఊదావాటిని ఒకదానితో ఒకటి కలపాలి. మనవలు పుడితే తాత బయటికి వస్తాడు."

"అంటే మళ్ళీ మొదటినుంచా?"

"మళ్ళీ మొదటినుంచే."

ఈ మాట అంటున్నప్పుడు కాచన కూతురి వైపు చూడలేదు. రాయి ఆమె తొడల మీదుగా నడుముకు చేరింది. మళ్ళీ ఈక, మళ్ళీ దారం, మళ్ళీ మూకుడు. గింజల దగ్గరికి యువరాజును రానివ్వలేదు. ఆయన్ని చమురు గది తలుపుకు కాపలా పెట్టాడు. అక్కడ ఆయన ఒక గూబభటుణ్ణి చంపి, కాగులో దాచి, ఆ సంగతి చెప్పడం మరిచిపోయాడు. చమురు తెచ్చుకోవడానికి వెళ్ళి మూత తీసినప్పుడు కాచనకు తెలిసింది. ఆ శవాన్ని కావడిలో పెట్టి, పైన గుడ్డలు కప్పి, నలుగురు భటుల మధ్యనుంచి "ఆముదం, మురిగింది, ముక్కు మూసుకోండి" అంటూ మోసుకెళ్ళి కోట అడుగునున్న పాతాళబిలంలో పారేసి వచ్చేసరికి అతని ప్రాణం కడగట్టింది. రాయి మాచమ రొమ్ముల దాకా వచ్చింది. ఆమె మాటలు తగ్గాయి. ఊపిరి గట్టిగా తీస్తే రాయి ఒరుసుకుంటోందని అంది.

మనవలు పూశారు. ఎక్కువ ఊదా. కొన్ని తెలుపు. కొన్ని కడిగేసిన నీలంలాంటి రంగు, ఎందుకూ పనికిరానివి. పళ్ళెం చివర, అన్నిటికంటే వెనకబడిన గిడసబారిన మొక్క ఒకటి. దాన్ని పీకేద్దామనుకుని కాచన రెండుసార్లు చెయ్యి పెట్టి తీశాడు. దాని మొగ్గ పగిలింది. ఊదా రేక మడత విప్పుకుంది. రేక చుట్టూ, గోటితో గీసినంత సన్నంగా, తెల్లని అంచు.



"నాయనా," అంది మాచమ నెమ్మదిగా, "ఇటు తిప్పు. నాకూ చూపించు."

తిప్పాడు. 

కబురు వెళ్ళింది. తమిస్ర స్వయంగా వస్తానంది. కొత్త పువ్వు మీద పడే చూపు మరి దేనిమీదా పడి ఉండరాదని ఆమె నియమం. అందుకని కళ్ళకు పట్టు గంత కట్టుకుని బయలుదేరింది. ఆ రాక వర్ణించాలంటే మాటలు నగలు పెట్టుకోవాలి. ముందు ముత్యాల గొడుగు పట్టిన గూబభటులు, వెనక చామరాలు, నేల తాకేదాకా జారిన జడలో నీలాల నాగరాలు, నడుస్తుంటే అలల మీద వెన్నెల కదిలినట్టు తెల్లని మేను, పద్దెనిమిదేళ్ళు దాటని మొహం. గంత కట్టిన ఆ మొహం దీపాల మధ్యనుంచి తేలుతూ వచ్చింది. చెయ్యి పట్టి నడిపిస్తున్నది కుందవ్వ.

కుందవ్వ వెనక వస్తున్నవాళ్ళను కాచన అప్పుడు చూశాడు.

పరిచారికలు. బారులు తీరి వస్తున్నారు. ఒక్కొక్కరి రెండు చేతుల్లో రెండేసి కుండీలు. ప్రతి కుండీలోనూ వాడిన పూలు. గోధుమరంగు తిరిగినవి, ముడుచుకున్నవి, నల్లబడి వేలాడేవి. కోటలోని ప్రతి గదిలోంచి తెచ్చిన వాడిన పూలు.

"ఇదేమిటి?" అన్నాడు కాచన పళ్ళ మధ్యనుంచి.

కుందవ్వ చెవి దగ్గరికి వంగింది. ఆమె మొహం పండగలా వెలుగుతోంది. "నువ్వు చెప్పిన నాటినుంచి ఒక్కటి తెంపలేదు నాయనా. అన్నీ కడుపుతో ఉన్నాయి, ఈ పిల్లలకూ చెప్పా. చమురు గది వెనక దాచా. దొరసానికి గంత ఉన్నప్పుడే గదా నడవల్లో తేగలం. నెలలు నిండాయి, మంత్రసాని దగ్గర చేర్పిద్దామని తెచ్చా."

"ఎవరే మంత్రసాని?"

"నువ్వే."

"తీసుకుపో. అన్నీ తీసుకుపో."

"ఎవరు గుసగుసలాడేది?" అంది తమిస్ర.

"ఎవరూ లేరు దేవీ. పువ్వు తమ పాదాల దగ్గరుంది," అన్నాడు కాచన. కుండీ ఆమె ముఖానికి ఎదురుగా ఎత్తి పట్టుకున్నాడు. తన ఒంటిని వీలైనంత వెడల్పు చేసుకుని ఆమె చూపు పక్కకు పోకుండా అడ్డం నిలిచాడు.

తమిస్ర గంత విప్పింది.

 మాంత్రికురాలి కళ్ళు చిన్నపిల్ల కళ్ళయ్యాయి. "అంచు," అంది. "అంచు ఉంది."

"ఉంది దేవీ. ఇచ్చిన మాట కూడా ఉంది."

ఆమె నవ్వింది. పువ్వు మీదనుంచి చూపు తిప్పకుండానే మంత్రం మొదలుపెట్టింది. ఒక్కొక్క మాటకు రాయి మాచమ ఒంటిమీదనుంచి జానెడు జానెడు జారింది. రొమ్ములు వదిలింది. నడుము వదిలింది. మాచమ గుండెల నిండా గాలి పీల్చింది. వెనక అరిందముడు పరిచారికల చేతుల్లోంచి కుండీలు లాక్కుని, చంకల్లో రెండు, చేతుల్లో నాలుగు పట్టుకుని స్తంభం చాటుకు చేరవేస్తున్నాడు. కుందవ్వ "మెల్లిగా, కడుపుతో ఉన్నవి," అంటూ ఆయన వెంట పడుతోంది.

"దేవీ, ఆ రేక కింది వైపు చూడండి, పట్టులా ఉంటుంది," అన్నాడు కాచన. జన్మలో ఇంత తియ్యగా ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుక అడ్డం తిరిగింది. "ఆ నడిమి పసుపు చూడండి. ఆకు నూగు చూడండి. ఇంకా చూడండి."

మోకాళ్ళు వదిలింది. కుడికాలు పూర్తిగా వదిలింది. ఎడమ మడమ దగ్గరికి రాయి దిగింది. మంత్రంలో ఇక ఒక్క మాట ఉంది.

అరిందముడి చంకలోంచి ఒక కుండీ జారి నల్లరాతి నేలమీద భళ్ళున పగిలింది.

తమిస్ర తల తిప్పింది.

పగిలిన పెంకుల మధ్య ఎండి నల్లబడిన పువ్వు ఆమె కళ్ళల్లో పడింది. దాని వెనక యువరాజు చేతుల్లో ఇంకా ఎన్నో. ఆమె నోట్లో చివరి మాట సగంలో ఆగింది. నల్లని జడ బూడిద రంగయింది, తెల్లబడింది, ఊడి కింద పడింది. వెన్నెల మేను నిప్పుకు చూపిన ఆకులా ముడతలు పడింది. అందమంతా రాలి, పట్టుబట్టల్లో ముడుచుకున్న ఒక ఎండు ముసలిది మిగిలింది. గూబభటుల తలలు గూబలై ఎగిరిపోయాయి, ఒళ్ళు మట్టిలా కూలింది. కొండ మూలిగింది. స్తంభానికొకటిగా దీపాలు ఆరడం మొదలైంది.

అరిందముడు కుండీలు వదిలేసి ఖడ్గం ఎత్తాడు. "పాపాత్మురాలా, నీ కాలం..."

కాచన కుండీ గూట్లో పెట్టి ఆ చెయ్యి పట్టుకుని వేలాడాడు. "ఆపండి. ఇంకో మాట మిగిలింది."

"ఏ మాట?"

కాచన కూతురి ఎడమ పాదం చూపించాడు. మడమనుంచి వేళ్ళ దాకా అది నల్లరాయి.

ఇక వాదించే సమయం లేదు. పైకప్పు చుక్కలు చుక్కల్లాగే రాలుతున్నాయి. అరిందముడు ఖడ్గం దోపి, ముసలిదాన్ని చమురు బుడ్డిలా భుజాన వేసుకున్నాడు. కాచన మాచమను నడుము పట్టి లేపాడు. ఆమె రాతి పాదం ఈడుస్తుంటే నేలమీద గీత పడింది. ఆరని దీపం ఒకటి ఎక్కడో దొరికించుకుని కుందవ్వ ముందు నడిచింది. పరిచారికలు ఆమె కొంగు పట్టుకుని ఏడుస్తూ పరుగెత్తారు. నాగతోరణాలు విరిగి పడ్డాయి. ఒక వాకిలి దాటగానే ఆ వాకిలి మూసుకుపోయింది. ఇంకోటి దాటారు. చివరికి దూరంగా వెలుగు కనిపించింది, పొద్దుటి వెలుగు. కొండ నోరు దాటి అందరూ రాళ్ళమీద పడ్డారు.

"ఆ మాట చెప్పు," అన్నాడు కాచన ముసలిదానితో.

తమిస్ర ఎండకు అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. పళ్ళు లేని నోరు నమిలింది. "నా పువ్వేదీ?"

"లోపలుంది."

"తే."

"కొండ కూలుతోంది."

"నేను సరిగ్గా చూడలేదు. వెధవ, కుండీ పగలగొట్టాడు, తల తిప్పాను. కిందివైపు పట్టులా ఉంటుందన్నావు. చూడనే లేదు. తెస్తే చెబుతాను. వాడకముందు తే. వాడినవి ఇక చాలు నాకు."

కాచన అరిందముడి వంక చూశాడు. యువరాజు మొదటిసారి తల దించుకున్నాడు.

"వద్దు నాయనా," అంది మాచమ. "ఒక్క పాదమేగా. కుంటుకుంటూ బతుకుతా."

"మన ఇంటి గడప ఎత్తు," అన్నాడు కాచన.

కుందవ్వ చేతిలోని దీపం లాక్కుని లోపలికి దూరాడు. రాళ్ళు ఒరుసుకున్నాయి. ఒళ్ళు గీరుకుపోయింది. మూసుకుపోయిన వాకిళ్ళను వదిలి చమురు కాగుల సందుల్లోంచి, పాతాళబిలం అంచుమీదనుంచి పాకాడు. దారి పొడుగునా తమిస్రను, ఆమె అంచును, యువరాజు చంకను, తన నోటిని, మంత్రసాని అన్న మాటను తిట్టుకుంటూనే ఉన్నాడు. గూళ్ళ మండపం చేరాడు. కుండీ పెట్టినచోటే ఉంది. దీపాలన్నీ ఆరిన ఆ చీకట్లో పువ్వు రేకలు లోపలికి మడుచుకుంటున్నాయి. అతను దీపం దగ్గరికి తెచ్చాడు. రేకలు ఆగాయి. మెల్లగా మళ్ళీ విచ్చాయి.

అప్పుడు వినిపించింది. రాయి మీద రాయి ఈడ్చిన చప్పుడు. ఒకటి కాదు.

కాచన దీపం ఎత్తి చూశాడు. నడినెత్తి దాకా రాళ్ళయిన దీపకన్యలు స్తంభాలను వదిలి నిలబడ్డారు. అందరి చేతుల్లోనూ ఆరిన ప్రమిదలు. అందరి రాతికళ్ళూ ఆ కొండ మొత్తంలో మిగిలిన ఒకే ఒక్క వెలుగు మీద ఉన్నాయి. ఆ వెలుగు అతని చేతిలో ఉంది. ముందున్న కన్య ఖాళీ ప్రమిద చాచి ఒక అడుగు వేసింది. నేల అదిరింది. వెనకవాళ్ళూ వేశారు.

దీపం ఆర్పితే వాళ్ళకు అతను కనిపించడు. ఆర్పితే పువ్వు ముడుచుకుంటుంది. ముడుచుకుంటే తమిస్ర ఆ మాట చెప్పదు.

"ఇదొకటి మిగిలింది," అన్నాడు కాచన. దీపాన్ని పువ్వుకు ఇంకాస్త దగ్గరగా పట్టుకుని, కుండీ చంకన పెట్టుకుని, ఆ రాతి చేతుల మధ్య సందు కోసం చూశాడు.